రంది లేని నత్త

"చచ్చిపోవుడు వేరు, అంతరించుడు వేరు జంగన్నా. ఒక్కటి పోతే చచ్చిపోయింది అంటం. జాతి జాతంత పోతే అంతరించింది అంటం."

"కదులుతున్నది గద సార్."

"ఏది?"

"గిదే. మీ వేలు కాడనే ఉన్నది. చూడుండ్రి, కొమ్ములు బయటికి పెట్టింది."

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్. కింద రిసెప్షన్‌లో, ర్యాంకులు కొట్టిన పిల్లల ఫోటోల కింద ఒక చేపల తొట్టి. దాని ముందు ఇద్దరు తండ్రులు. ట్రాలీ ఆటో నడిపే జంగయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు, ఎవరూ విడవమనలేదు. జువాలజీ చెప్పే ఆనంద్ కుమార్‌కి భోజనం వేళ దాటిపోయింది. ఈ మనిషిని ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యమని పైనుంచి ఆజ్ఞ.

"బయటికి రా జంగన్నా. ఛాయ్ తాగుకుంట మాట్లాడుదాం."

"వద్దు సార్. ఈడనే మాట్లాడాలె. మా బిడ్డ స్వప్న ఈడనే అడగుమన్నది."

"ఏం అడగుమన్నది?"

"గీ నత్తగుల్ల గురించే. మొన్న పరీక్షల ఒచ్చిందట గద. గీ పసుపు పట్టీలు, నల్ల పట్టీలు ఉన్నదే గదా సార్ అది?"

"అదే. అసాసిన్ స్నెయిల్ అంటరు. మన దేశంది కాదు. థాయిలాండ్, ఇండోనేషియా దిక్కు వాగులల్ల, చెరువులల్ల ఉంటది."

"ఉంటదా?"

"ఉండేది. ఉండేది అంటున్న."

"ఏం తింటది సార్?"

"వేరే నత్తలను తింటది. ఇసుకల దాసుకొని పండుకుంటది. చిన్న నత్త దగ్గరికి రాంగనే పట్టుకొని పీల్చేస్తది. ఈ తొట్టిల చిన్న నత్తలు మస్తు పుట్టుకొచ్చినయని మా డైరెక్టర్ సార్ వీటిని తెచ్చి ఏసిండు."

"ఇప్పుడు చిన్నయి ఒక్కటి గూడ కనిపిస్తలేదు."

"తినేసినయి."

"తిన్నదంటే పానం ఉన్నట్టే గద సార్."

"అబ్బ, పానం సంగతి కాదయ్యా. ప్రశ్న ఏంది? ఈ జాతి పరిస్థితి లోకంల ఎట్లున్నది అని. నాలుగు జవాబులు ఇచ్చినం. ఒకటి, దీని గురించి ఆందోళన అక్కర్లేదు. రెండు, ముందు ముందు కష్టం రావొచ్చు. మూడు, ప్రమాదంల ఉన్నది. నాలుగు, అంతరించింది. మా ఆన్సర్ కీల నాలుగు ఉన్నది. మీ స్వప్న ఒకటి పెట్టింది. కీ అంటే..."

"కీ అంటే తెలుసు సార్. ఇంట్ల రెండు దినాలసంది అదే మాట."

"తెలిస్తే మంచిదే."

"అంటే ఆందోళన లేదు, రంది లేదు అని పెట్టిందన్నట్టు."

"ఏంది?"

"పిల్ల నాకు గట్ల చెప్పింది. లోకంల ఉన్న జీవాలన్నింటికి ఎవరో పెద్ద చదువులోళ్లు లెక్క రాసిండ్రట. ఏది పోతున్నది, ఏది ఉంటది అని. గీ గుల్లకు మాత్రం రంది లేదు అని రాసిండ్రట. ఫోన్ల చూపించింది. నాకు ఇంగ్లీషు రాదు. ఆకుపచ్చ గుండ్రం ఒకటి ఉన్నది."

"ఫోన్ల ఎవడైనా ఏదైనా రాస్తడు."

"మీ పేరు గూడ చెప్పింది సార్. పోయిన నెలల మీరే చెప్పిండ్రట. గీ తొట్టి కాడికే అందరిని తోలుకొచ్చి, దీని గురించి ఎవరికి రంది అక్కర్లేదు అని."

"నేనా?"

"మీరే అట."

"వేరే నత్త గురించి చెప్పి ఉంట. పిల్లలు సగం వింటరు, సగం నిద్రపోతరు."

"మా పిల్ల నిద్రపోదు సార్. ఇంటి కాడ గూడ పోదు. గదే పరేషాన్ మాకు."

"చూడు జంగన్నా. ఒక్క బిట్టు. ఒక్క బిట్టుకు ఇంత పంచాయితీ ఎందుకు చెప్పు."

"ఒక్క బిట్టుకే గద సార్ కిందికి దింపిండ్రు. ఎర్ర ట్యాగు బ్యాచీల ఉన్నన్ని దినాలు ఫీజు లేదన్నరు. దిగితే కట్టాల్నంట. గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉన్నప్పుడు పొద్దుగాల ఇంటి ముంగటనే కిరాయి దొరికేది. అది పోయినంక నా బతుకే నాకు బరువున్నది. గా బిట్టు ఒస్తే పిల్ల చదువుతది, రాకుంటే ఇంటికొస్తది. గంతే సార్. వేరే ముచ్చటేం లేదు."

"నీలి ట్యాగు బ్యాచీల గూడ మేము మంచిగనే చెప్తం."

"చెప్తరు సార్. కట్టినోళ్లకు."

"అట్ల మాట్లాడితే ఎట్ల?"

"తప్పైంది సార్. కీ ఎవరు పెడ్తరు?"

"కమిటీ ఉంటది."

"కమిటీల ఎవరుంటరు?"

"సబ్జెక్టుకు ఒకరు."

"గీ సబ్జెక్టుకు?"

"నేను."

"మీరే సార్?"

"నేనే. అయితే ఏంది?"

"ఏం లేదు. మీరే పెట్టిండ్రంటే ధైర్యం ఒచ్చింది. ఎవరో తెల్వనోళ్లు పెట్టిండ్రేమో అనుకున్న. చెయ్యి ఎన్నడు తప్పు పోదా సార్?"

"పోదు."

"మనుషులే గద పెట్టేది."

"పోదు అంటున్న గద."

"అట్లనే సార్. గా ట్యాగు సంగతి గూడ చెప్పింది పిల్ల. సోమారం పొద్దుగాల అందరిని నిలబెడ్తరట. కిందికి దిగేటోళ్లు తమ మెడలకెళ్లి ఎర్ర ట్యాగు తీసి, పైకొచ్చేటోళ్ల మెడల ఎయ్యాల్నంట."

"అది మోటివేషన్. పిల్లల్ల పట్టుదల పెరగాలని డైరెక్టర్ సార్ పెట్టిన పద్ధతి."

"చప్పట్లు కొట్టిండ్రట."

"ప్రతి సోమారం కొడ్తరు."

"నాకు తెల్వదు సార్. నేను లోడు మీద ఉన్న. ఫోన్ చేసి, నాయినా, అందరు చప్పట్లు కొట్టిండ్రు అన్నది. మెచ్చుకున్నరేమో అనుకున్న. మా ఇంటామె అండాలమ్మకు చెప్పి సేమ్యా పాయసం చేయించిన. పిల్ల ఇంటికొచ్చి గిన్నె చూసింది. తిన్నది. తిన్నంక చెప్పింది."

"ఛాయ్ తాగుదాం పా జంగన్నా."

"వద్దు సార్. ఒచ్చేటప్పుడు కొత్తపేట కాడ చేపల దుకాణంల ఆగిన. గిసొంటియే ఉన్నయి. గాజు గిన్నెల, కుప్ప."

"అవి వేరు."

"పట్టీలు గూడ గివే."

"పట్టీలు మస్తు నత్తలకు ఉంటయి. అవి నకిలీవి."

"గుల్లలల్ల గూడ నకిలీ ఉంటయా?"

"అంటే, దగ్గరి జాతి. నీకు చెప్తే అర్థం కాదు."

"నిజమే, నాకు అర్థం కాదు. పిల్లకు చెప్పేటట్టు చెప్పుండ్రి. నేను పోయి గట్లనే అప్పజెప్త. గీ అద్దానికి తెల్లగ అంటుకున్నయి ఏంది సార్, గుడ్లా?"

"కాదు. మరకలు. నీళ్ల మరకలు."

"నాలుగు మూలలు పెట్టినట్టు ఉన్నయి. లోపట సుక్క ఉన్నది."

"మరకలే అంటున్న గద. మీది ఏ ఊరు?"

"మునుగోడు దిక్కు సార్."

"నాది గూడ ఆ దిక్కే, నకిరేకల్ కాడ. చిన్నప్పుడు నత్తలు తినలేదా మీరు?"

"తినకేంది. వానలు పడంగనే మా అవ్వ పొలం గట్లెంబడి ఏరుకొచ్చేది. ఉడకవెట్టి, పుల్లతోని గుంజి, ఉల్లిగడ్డ ఏసి వండేది. ఇప్పుడు లేవు. మందులు కొట్టంగ కొట్టంగ అన్ని పోయినయి."

"చూసినవా? ఇది గూడ అట్లనే."

"అట్లనేనా? అంటే వాగులల్ల పోయినయి, గీ తొట్టిల మిగిలినయి. గా పెద్ద చదువులోళ్ల పుస్తకంల తొట్టీలు లెక్కకు రావు."

"అదే. కరెక్టుగ చెప్పినవ్."

"నేను చెప్పిన్నా సార్?"

"నువ్వే చెప్పినవ్. పిల్లకు అదే చెప్పు."

మెట్ల మీంచి డైరెక్టర్ విశ్వేశ్వరరావు దిగి వచ్చాడు. ఆయన మాట కృష్ణా జిల్లాది, తొందర మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌ది.

"ఏమయ్యా ఆనంద్, ఇంకా అవలేదా? కాసేపట్లో ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు."

"అయిపోయింది సార్. చెప్తున్న."

"ఏం పెద్దాయనా, ఇంకా ఏం కావాలి నీకు?"

"దండాలు సార్. మా పిల్ల బిట్టు గురించి."

"చూడు. ఈ సెంటర్ పెట్టినప్పటినుంచి ఇచ్చిన కీ మార్చింది లేదు. ఇవాళ నీకు మారిస్తే రేపు పొద్దున్న ఊళ్లో తల్లిదండ్రులంతా ఈ మెట్ల మీదే కూర్చుంటారు. కీ మారితే ర్యాంకులు మారాలి, బ్యాచీలు మారాలి, బయట కట్టిన ఫ్లెక్సీలు మారాలి. ఒక నత్త కోసం ఇంత పని చెయ్యమంటావా?"

"నత్త కోసం కాదు సార్. పిల్ల కోసం."

"పిల్లలకేం, బోలెడుమంది. నీ కూతురు లేచి వెళ్తే ఆ బెంచీ ఖాళీగా ఉంటుందనుకున్నావా? ఎప్పుడో నిండిపోయింది. ఆనంద్, మీ అమ్మాయిని జడ వెనక్కి వేసుకుని రమ్మను. ఫోటోలో ఎర్ర ట్యాగు కనపడాలి."

"సరే సార్."

"తొట్టి మీంచి చెయ్యి తియ్యి పెద్దాయనా. మరకలు పడతాయి."

"తీసిన సార్."

"ఆనంద్ మాస్టారు జువాలజీలో గోల్డ్ మెడలిస్టు. ఆయన లేదంటే లేనట్టే. ఆయన నోటితోనే విని, నెమ్మదిగా ఇంటికెళ్లు."

విశ్వేశ్వరరావు మళ్లీ మెట్లెక్కాడు.

"పోయిండా సార్ పెద్ద సారు?"

"పోయిండు."

"మీ అమ్మాయి అన్నడు. ఎర్ర ట్యాగు అన్నడు."

"ఊఁ."

"గ్రేస్ మీ పాపనా?"

"నీకెట్ల తెలుసు?"

"మా పిల్ల ట్యాగు తీసి ఆమె మెడలనే ఏసింది గద. పేరు చెప్పింది. సార్ బిడ్డ అని మాత్రం చెప్పలే."

"అది నేను చేసింది కాదు జంగన్నా. మార్కులు చూసి కంప్యూటర్ పెడ్తది. నా చేతుల ఏం లేదు."

"నేనేం అనలేదు సార్. మంచి పిల్లట. ట్యాగు ఏస్తుంటే ఏడ్చిందట. మా స్వప్ననే ఊకుంచిందట."

"ఇంట్ల నాకు చెప్పలే."

"చెప్పరు సార్ పిల్లలు. కీ మారితే మీ పాప దిగాల్నా?"

"ఆ మాట ఇప్పుడెందుకు?"

"ఊరికెనే అడిగిన."

"ఒక్క సీటే ఉన్నది."

"అట్లనా."

"అట్లనే అంటే నేనేదో కావాలని..."

"అనలేదు సార్. మీరెందుకు గాబరా అయితున్నరు? ఒక్కటే పని చెయ్యుండ్రి, నేను పోత. గా గుల్ల దిక్కు చూసుకుంట చెప్పుండ్రి."

"ఏం చెప్పాలె?"

"గిది లేదని. పిల్ల గట్లనే అడగుమన్నది. నాయినా, సార్‌ను తొట్టి కాడ నిలబెట్టు, గుల్లను చూపియ్యి, దాన్ని చూసుకుంట లేదంటే ఇంక నేను మారు మాట్లాడ అన్నది."

"పిల్లల ఆటలు."

"ఆటనే అనుకోండ్రి. నేను మాత్రం నమ్ముత. నాకు కండ్లు మసక, మీకు మెడల్ ఉన్నది."

"ఇందాకటిసంది అదే చెప్తున్న గద."

"ఇందాకటిసంది గోడ దిక్కు చూసి చెప్తున్నరు సార్."

"జంగన్నా..."

"గిప్పుడు మంచిగ పైకెక్కింది. అద్దానికి అంటుకున్నది. చూడుండ్రి."

"చూస్తున్న."

"చెప్పుండ్రి."

"లేదు."

"పూర్తిగ చెప్పుండ్రి సార్. పిల్ల, సార్ ఏమన్నడో మొత్తం చెప్పు అంటది."

"ఈ నత్త జాతి లోకంల లేదు. అంతరించింది. కీ కరెక్టే. మీ స్వప్న రాసింది తప్పు. చాలా?"

"చాలు సార్. పెద్ద బరువు దిగింది."

"ఏం బరువు?"

"నిన్న పిల్లను కొట్టిన. పుట్టినప్పటిసంది చెయ్యి ఎత్తలే. సార్ తప్పు పెట్టిండు, సార్‌కు గూడ తెలుసు అని ఒకటే పట్టు పట్టింది. చదువు చెప్పే సార్‌ను అంత మాట అంటదా అని దవడ మీద ఒక్కటి కొట్టిన. ఆ ఎంటనే భయం పట్టుకున్నది, ఒకవేళ పిల్లదే నిజమైతే నేనేం కావాలె అని. ఇప్పుడు రంది లేదు."

"కొట్టినవా?"

"పెదవి పగిలింది, గంతే. బయట ఆటోల కూసున్నది."

"ఎవరు, స్వప్ననా? లోపలికి ఎందుకు రాలే?"

"ట్యాగు లేదు గద. ఎర్రది తీసుకున్నరు, నీలిది కొనాలె. ట్యాగు లేకుంటే గేటు కాడ ఆపుతరని అదే రానన్నది. పుస్తకాలన్ని మూట కట్టుకొని కూసున్నది."

"మూట ఎందుకు?"

"పోయేటప్పుడు సైదాబాద్ల పాత కాయితాల రద్దీ దుకాణంల ఏసి పోతం. రేపటిసంది తల్లి ఎంబడి పండ్ల పెట్టెలు కట్టడానికి పోతదట. నేను అన్న మాట కాదు సార్, అదే అన్నది. కండ్ల ముంగట పాకేదాన్ని గూడ నేను తప్పు చదివిన్నంటే, నాకు చదువు రానట్టే నాయినా, రేపు డాక్టర్‌నై మనుషులను చంపుత అన్నది. సార్ గుల్లను చూసి లేదంటే, ఇంక చదువు మాట ఎత్త అన్నది."

"ఆగు."

"మీకు అన్నం పొద్దు దాటింది. పోతున్న సార్."

"ఆగు జంగన్నా. ఇటు రా. కీ తప్పు."

"ఏంది సార్?"

"కీ తప్పు. టైపుల ఒకటి కొట్టబోయి నాలుగు కొట్టిన. నేనే కొట్టిన. ఈ జాతికి ఏం కాలే. ఆ దేశాలల్ల ఏ వాగుల చూసినా ఉన్నయి. కొత్తపేట దుకాణంల ఉన్నయి గూడ ఇవే. అద్దం మీద ఉన్నయి మరకలు కాదు, గుడ్లు. మీ పిల్ల రాసిందే నిజం. దీనికి రంది లేదు, ఏ రంది లేదు. క్లాసుల చెప్పింది గూడ నేనే."

"ఊకోండ్రి సార్."

"నిజం చెప్తున్న."

"ఇప్పుడే గద లేదంటిరి. గుల్లను చూసుకుంట."

"అబద్ధం చెప్పిన."

"మీకు అబద్ధం ఆడే అవసరం ఏమున్నది?"

"మా గ్రేస్ కోసం. అది దిగాల్సొస్తదని. ఫస్టు రోజే తెలిసింది నాకు కీ తప్పని. నోరు మూసుకున్న."

"అయితే పాండ్రి, పైకి పోదాం. పెద్ద సారు ముంగట గిదే మాట చెప్పుండ్రి. ఆటోల ఉన్న పిల్లను గూడ పిలుస్త."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఫోటో తీయకముందే."

"ఫోటో కానియ్యి. రేపు చెప్త. జర టైం చూసి, మెల్లగ చెప్త."

"రేపా?"

"రేపు కాకుంటే సోమారం. ట్యాగులు మార్చేముందు. నన్ను నమ్ము."

"సోమారం అయినంక పిల్లకు ట్యాగు ఇస్తరా?"

"చూస్త అంటున్న గద. ఏదో ఒకటి చేస్త. పుస్తకాలు మాత్రం అమ్మొద్దు. ఏంది, నవ్వుతున్నవ్?"

"ఏం లేదు సార్. నాకు సమజైంది."

"ఏం సమజైంది?"

"మీరు మంచోళ్లు. మీకు గూడ ఆడపిల్ల ఉన్నది. నేను కొట్టిన అనంగనే మీ పానం కొట్టుకున్నది. మా పిల్ల మనసు విరుగుతదని, గింత పెద్ద చదువు చదివి, లేని తప్పు మీ మీద ఏసుకొని నా కోసం అబద్ధమాడుతున్నరు."

"అబద్ధం కాదు జంగన్నా. ఇదే నిజం."

"నిజమైతే మీరు ఈపాటికి మెట్లెక్కుతుండె సార్. నాకు చదువు రాకున్నా ఆ మాత్రం తెలుస్తది."

"జంగన్నా, నా మాట విను."

"విన్న సార్. గుల్లను చూసుకుంట చెప్పిన మాటే విన్న. దండం పెడ్త, ఇప్పుడు చెప్పింది మాత్రం బయటికొచ్చి మా పిల్లకు చెప్పకుండ్రి. మల్ల ఆశ పెట్టుకుంటది."